ఖాళీ వంతులో డ్రమ్ము

"ఆలస్యం అమృతం విషం" అన్న సామెతను కొత్త బ్యాచికి మొదటి రోజే బోర్డు మీద రాస్తాను. నా సబ్జెక్టంతా ఆ మూడు మాటల్లోనే ఉంది. కర్నూలుకు కాస్త అవతల, హైవే పక్కన ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో రియల్ టైమ్ ఎంబెడెడ్ సిస్టమ్స్ చెబుతాను. కారు బ్రేకులోనో, ఆసుపత్రిలో ఊపిరి అందించే యంత్రంలోనో కూర్చుని పనిచేసే చిప్పుల చదువు అది. అక్కడ జవాబు సరైనదైతే చాలదు, సమయానికి రావాలి. బండి గోడకు గుద్దుకున్నాక బ్రేకు వేయమని వచ్చిన జవాబు ఎంత సరైనదైతే ఏం లాభం?

ఇంతమందికి ఇన్నేళ్ళుగా ఈ పాఠం చెప్పిన నేను, నాలుగేళ్ళ కిందట చెప్పాల్సిన ఒక మాట చెప్పాల్సిన సమయానికి చెప్పలేదు. పైగా అబద్ధం చెప్పాను. దానివల్ల ఒక అమ్మాయికి బెంగళూరులో రావాల్సిన పరిశోధన ఉద్యోగం పోయింది. అది రాద్దామని కూర్చున్నాను. రాస్తే బరువు దిగుతుందని కాదు. నోటితో చెబితేనే దిగలేదు, ఇక కాగితం ఏం మోస్తుంది.

ఆ అమ్మాయిది కోసిగి పక్కన పల్లె. వానలు మొండికేసిన ఏడు అక్కడ సగం ఊరు సుగ్గికి పోతుంది. సుగ్గి అంటే కన్నడంలో కోతల కాలం, సంబరం. ఆ ఊళ్ళలో మాత్రం దానికి వలస అనే అర్థం. పత్తి తీయడానికో, మిరపకాయలు కోయడానికో ఇంటికి తాళం వేసి, పిల్లల్నీ గిన్నెల్నీ ఎత్తుకుని వేరే జిల్లాలకు పోతారు. ఈ అమ్మాయి ఐదో తరగతి దాకా ఏటా మూడు నెలలు మిరపచేలలోనే ఉంది. ఆ తర్వాత హాస్టల్లో చేరింది, ఇక ఆగలేదు. ఎం.టెక్. లో నా దగ్గరకు వచ్చినప్పుడు, "ఇన్ని లెక్కలు మిరపచేలో నేర్చుకున్నావా?" అని ఎగతాళి చేశాను. "లేదు మేడమ్, ఆడ కాయలు తెంపేదే నేర్చుకున్నా. లెక్కలు హాస్టల్లో" అంది, నవ్వకుండానే. ఆ నవ్వకపోవడం నాకు నచ్చింది.

నా సంగతి కూడా కొంత చెప్పాలి. మాది డోన్. స్టేషన్ రోడ్డులో నాయనకు కిరాణా కొట్టు ఉండేది. "కొట్టు ముందర నిలబడినోడే గిరాకీ" అనేవాడు ఆయన. చీటీ ఇచ్చి బజారులోకి పోయినవాడి సరుకులు పక్కకు నెట్టి, ఎదురుగా ఉన్నవాడికి ముందు పొట్లం కట్టేవాడు. లేనివాడి కోసం ఉన్నవాడిని ఆపడం ఆయన దృష్టిలో వ్యాపారం తెలియనివాళ్ళ పని. నేను ఆ కొట్లోనే పెరిగాను. మా పెరట్లోనే కుళాయి ఉండేది కాబట్టి నీళ్ళ కోసం ఒక్క రోజైనా వరసలో నిలబడలేదు.

ఇంకో సంగతి. నాకు సగం వినగానే మిగతా సగం తెలిసిపోయిందనిపిస్తుంది. పాఠాలు చెప్పేవాళ్ళకు పట్టే జబ్బు ఇది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, నాకు చెప్పేవాళ్ళు కూడా లోకువే.

ఆమె ప్రాజెక్టు ఏమిటో వీలైనంత తేలిగ్గా చెబుతాను. ఇప్పటి చిప్పులో ఒక్క ప్రాసెసర్ ఉండదు. మా ల్యాబులోని సర్క్యూట్ బోర్డు మీది చిప్పులో పదహారు ఉన్నాయి, నాలుగు వరసలు, వరసకు నాలుగు. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. ప్రతిదాని నుంచి ప్రతిదానికి విడిగా తీగ లాగితే చిప్పంతా తీగలే అవుతాయి. అందుకని ఊళ్ళో వీధులు వేసినట్టు దారులు వేస్తారు. ప్రతి కూడలిలో ఒక చిన్న రౌటర్ ఉంటుంది. రెండు సందేశాలు ఒకే కూడలికి వస్తే ముందు ఎవరు, వెనక ఎవరు అన్నది అది తేల్చాలి. ఎంత చెడ్డ రోజైనా బ్రేకు సందేశం ఇంతకంటే ఆలస్యం కాదు అని ముందే మాట ఇవ్వగలిగేలా ఆ తేల్చడం ఉండాలి. సగటు బాగుందంటే కుదరదు. సగటున లోతు మోకాలి దాకే ఉన్న వాగులో కూడా మనిషి మునిగిపోతాడు.

ఆమె తేల్చిన పద్ధతి వంతులు. ప్రతి ప్రాసెసర్‌కూ కూడలిలో ఒక వంతు ఉంటుంది. ఆ వంతు దానిదే. అది వాడుకున్నా వాడుకోకపోయినా ఇంకొకరు లాక్కోకూడదు. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు, పుస్తకాల్లో ఉన్నదే. ఆమె చేర్చింది ఒక్క నియమం. వంతుగలవాడు రాకపోతే ఆ ఖాళీ వంతులో వేరేవాళ్ళు పోవచ్చు, కానీ చిన్న సందేశమే పోవాలి, పెద్దది పోకూడదు. కోడులో అది ఒకే ఒక్క లైను.

బ్రేకుతో పాటు అదే చిప్పు మీద కెమెరా పని కూడా పెట్టాం. ముందు రోడ్డు మీద ఏముందో చూసి తెర మీద చూపించడం దాని పని. కెమెరా సందేశాలు పొడుగైనవి. ఆ ఒక్క లైను వల్ల వాటికి ఖాళీ వంతులు దొరికేవి కావు. తెర మీద బొమ్మ ఆగి ఆగి వచ్చేది. అదే సమయంలో సగం వంతులు ఎవరూ లేకుండా ఖాళీగా పోతున్నట్టు గ్రాఫులో కనిపించింది. కొట్లో పెరిగిన నాకు అది చూసి ప్రాణం ఉసూరుమంది.

వైవాకు మూడు రోజులు ఉందనగా, మధ్యాహ్నం ల్యాబులో ఆమెను పిలిచి అడిగాను.

"ఏం పాపా, సగం వంతులు ఊరికే పోతాండాయి. కెమెరాకు ఎందుకు ఇయ్యవు?"

"అది వేరేవాళ్ళ వంతు మేడమ్."

"వాళ్ళు రాలేదు కదా. రానోడికి వంతేంది?"

ఆమె కాసేపు ఆలోచించి, నాకు అర్థమయ్యేలా చెప్పాలని వాళ్ళ వీధి కుళాయి సంగతి ఎత్తుకుంది. "మా ఊళ్ళో నీళ్ళు వచ్చేది వారానికి రెండు తూర్లు మేడమ్. పొద్దున్నే అందరూ వరసలో రాళ్ళు పెట్టి పోతారు. రాయి ఉంటే మనిషి ఉన్నట్టే. రాయి కుళాయి దగ్గరికి వచ్చినా మనిషి రాలేదనుకోండి, వెనకామె పట్టుకోవచ్చు. అయితే బిందెనే పెట్టాల, డ్రమ్ము పెట్టగూడదు. బిందె అయితే రాయి పెట్టినామె ఉరుక్కుంటా వచ్చేలోపల నిండుతాది. డ్రమ్ము పెడితే మధ్యలో తీయలేం గదా. ఆమె వంతు పాయె. ఈడ గూడా..."

నేను నవ్వాను. "చిప్పులో డ్రమ్ములెక్కడివి పాపా" అన్నాను. పక్కన పనిచేసుకుంటున్న ఇద్దరు పిల్లలు కూడా నవ్వారు. ఆమె ఆగిపోయింది.

అప్పటికి ఆమె సగమే చెప్పింది. అయినా నాకు అర్థం కాకపోవడానికి కారణమే లేదు. డోన్‌లో పుట్టిన దాన్ని, రైలు గేటు పడితే ఎట్లా ఉంటుందో నాకు చెప్పాలా? గూడ్సు బండి ఇంజను దాటిపోయినా చివరి పెట్టె దాటేదాకా గేటు లేవదు. అవతల పురిటి నొప్పులతో ఆటోలో ఎవరున్నా సరే ఆగాల్సిందే. చిప్పులో పొడుగు సందేశం సరిగ్గా అలాంటిదే. ఒకసారి కూడలిలోకి దూరితే తోక దాటేదాకా దారి వదలదు. ఇది నేనే క్లాసులో చెబుతాను. ఆ రోజు మాత్రం నా కళ్ళ ముందు గ్రాఫు ఒక్కటే ఉంది.

"నాలుగు రోజులు ఇయ్యండి మేడమ్" అంది ఆమె, గొంతు తగ్గించి. "కెమెరా బొమ్మను చిన్న చిన్న ముక్కలు చేస్తా. డ్రమ్మును బిందెలు చేసినట్ల. అప్పుడు ఖాళీ వంతులో పోయినా ఎవరికీ అడ్డం రాదు."

"వైవా మూడు రోజులకు ఉంటే నాలుగు రోజులు ఎక్కడ తెచ్చిస్తాను? ఆ లైను తీసెయ్. రేపటికి గ్రాఫు మార్చి చూపించు."

"బ్రేకు ఆలస్యమయితాది మేడమ్, ఎప్పుడన్నా ఒకసారి."

"పరీక్షల్లో ఎన్నిసార్లు అయిందో చూసి చెప్పు."

ఆమె పరీక్షలు నడిపింది. ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. నేను ఇచ్చిన పరీక్షలు అలాంటివి. బ్రేకు సందేశం ఎప్పుడూ తన వంతుకు కొంచెం ముందే వచ్చి నిలబడేలా తయారుచేసినవి. బొమ్మ మాత్రం నీళ్ళలా సాఫీగా వచ్చింది. "చూశావా?" అన్నాను.

ఆ గ్రాఫు మీద నాకు అంత మోజు ఎందుకో దాచను. వైవాకు వస్తున్న ఎగ్జామినర్ బెంగళూరులో ఒక పరిశోధన బృందాన్ని నడిపేవాడు. మనిషిది కడప. ఫోన్‌లో, "మీ పిల్లల్లో పనికొచ్చే వాళ్ళుంటే ఒకర్ని తీసుకుంటా మేడమ్, చూసి పెట్టండి" అన్నాడు. నేను ఆ అమ్మాయి పేరు చెప్పాను. అంతవరకు మంచిదాన్నే. కానీ ఎప్పటి నుంచో సాగదీస్తున్న నా పీహెచ్‌డీ థీసిస్ కూడా చివరికి ఆయన చేతికే వెళ్ళాల్సి ఉంది. నా విద్యార్థి పని చూసి ఆయన మెచ్చుకోవాలి, ఆ మెప్పు కొంచెం నా మీద కూడా పడాలి. అదీ నా లెక్క.

వైవాకు ముందు రోజు ఆమె తల్లి కాలేజీకి వచ్చింది. చెనిక్కాయల సంచి నా టేబులు పక్కన పెట్టి, కుర్చీ చూపించినా కూర్చోకుండా గోడ దగ్గరే నిలబడింది.

"బెంగళూరు పని వస్తాదంట గదమ్మా. వస్తే ఒకే తావున కుదురుగా ఉంటాదా, మా మాదిరి తిరగాల్సి వస్తాదా?"

"ఒకే చోట ఉంటుందమ్మా. మిమ్మల్ని కూడా తీసుకుపోతానంటాంది."

"అయితే సాలు" అంది ఆమె. "ఈ యేడుతో సుగ్గి ఇడిసిపెడతాం."

మర్నాడు వైవా. ఆమె బోర్డును టేబులు మీద పెట్టి అన్నీ కలిపింది. బ్రేకుకు బదులు ఒక మీట, దాని పక్కన ఎర్ర లైటు. బ్రేకు సందేశం గడువు దాటితే ఆ లైటు వెలుగుతుంది. ఆ లైటు పెట్టమని నేను చెప్పలేదు, తనే పెట్టుకుంది. గ్రాఫులు చూపించినంత సేపూ ఎగ్జామినర్ తల ఊపుతూ విన్నాడు. నేను లోపల పొంగిపోయాను.

తర్వాత ఆయన కుర్చీ ముందుకు లాక్కుని మీట మీద వేలు పెట్టాడు. "కెమెరాను బాగా పని చేయించు పాపా" అన్నాడు. తెర మీద బొమ్మ కదులుతూ ఉండగా లయ లేకుండా, తోచినప్పుడల్లా నొక్కడం మొదలుపెట్టాడు. కొన్నిసార్లు ఏమీ కాలేదు. తర్వాత ఎర్ర లైటు వెలిగింది. ఆయన ఆగి మళ్ళీ నొక్కాడు. కాసేపటికి మళ్ళీ వెలిగింది.

"పెద్ద సందేశం దారిలో ఉండగా బ్రేకు వచ్చింది" అన్నాడు ఆయన. "ఇట్లయితాదని నీకు తెలుసా?"

"తెలుసు సార్."

"తెలిసి ఎందుకు పెట్టినావు?"

ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేదాన్నేమో అని చాలా కాలం నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట, ఆ మాత్రం నిజాయితీ కూడా నాకు లేకపోయింది. ముందున్న కాగితాలు సర్దుతూ కూర్చున్నాను.

"నాదే సార్ పొరపాటు" అంది ఆమె. "బొమ్మ బాగా వస్తాదని పెట్టినా."

వైవా అయ్యాక ఎగ్జామినర్‌ను నా గదికి తీసుకుపోయి టీ ఇప్పించాను. ఆయన టీ తాగకుండా గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఇష్టపడిన వస్తువులో పగులు కనిపించిన మనిషిలా ఉంది ఆయన ముఖం.

"తెలివి శానా ఉండాది మేడమ్ ఆ పాపకు" అన్నాడు. "ఆ ఎర్ర లైటు ఎవరు పెట్టుకుంటారు చెప్పండి, తమ తప్పు తామే చూపించుకునేటట్ల? కానీ తెలిసి తప్పు పెట్టినాది. తెలీక చేసినోళ్ళకు నేర్పొచ్చు. తెలిసి చేసినోళ్ళను బ్రేకు పని మీద ఎట్ల కూర్చోబెట్టేది?" మళ్ళీ తనే, "దీనికి ముందర ఇంకో మాదిరి ఏమన్నా చేసినాదా? పాత ఫైలు ఉంటే చూస్తా. నాకెందుకో ఆ పాప ఇట్ల చేసే మనిషి కాదనిపిస్తాంది" అన్నాడు.

నిజం చెప్పడానికి ఆయనే తలుపు తెరిచి పట్టుకున్నట్టయింది. నేను నడిస్తే చాలు. పాత ఫైలు నా కంప్యూటర్లోనే ఉంది. పాతదాకా కూడా పోనక్కర్లేదు. ఆమె ఆ లైనును చెరిపేయలేదు, ముందు రెండు గీతలు పెట్టి పనిచేయకుండా ఆపింది, అంతే. ఆ లైనూ, పక్కనే ఎందుకు అవసరమో ఆమె రాసుకున్న మాటా అలాగే ఉన్నాయి. ఆ ఉదయమే చూశాను. చూపిస్తే, ఎవరు ఆపమన్నారని అడుగుతాడు. ఆ తర్వాత నా థీసిస్ ఆయన టేబులు మీదికి వెళుతుంది.

"లేదు సార్. మొదటి నుంచీ ఇదే" అన్నాను.

ఆయన టీ తాగాడు. బిస్కెట్లు ముందుకు జరిపితే ఒకటి తీసుకున్నాడు. నేనూ ఒకటి తిన్నాను.

ఆ అమ్మాయికి ఎం.టెక్. వచ్చింది, మార్కులు కూడా బాగానే వేశాడు. బెంగళూరు పిలుపు మాత్రం రాలేదు. వెళ్ళేటప్పుడు నా గదికి వచ్చి, "థ్యాంక్స్ మేడమ్, నా పేరు మీరే చెప్పినారంట" అంది. తల్లిదండ్రులు ఆ ఏడు కూడా సుగ్గికి పోయారు. ఇప్పటికీ పోతున్నారు.

నేను ఊరుకున్నానా అంటే, అదీ లేదు. ఆమె అడిగిన నాలుగు రోజుల పనిని నేను నాలుగు నెలలు చేశాను. కెమెరా బొమ్మను ముక్కలు చేశాను, ఆ ఒక్క లైను తిరిగి పెట్టాను. ఎర్ర లైటు ఇక వెలగలేదు. నా థీసిస్‌లో ఐదో అధ్యాయం అదే. ఎగ్జామినర్ దానినే ఎక్కువ మెచ్చుకున్నాడు. కృతజ్ఞతల పేజీలో అందరి పేర్ల తర్వాత ఆమె పేరు కూడా రాశాను. కాలేజీలో నా గది తలుపు మీద పేరు ముందు డాక్టర్ అని బోర్డు మార్చిన రోజు స్వీట్లు పంచాను. ఆ బోర్డు కింద నుంచి రోజూ పోతూ వస్తూనే ఉన్నాను. మొదట్లో ఏమీ అనిపించేది కాదు. తర్వాత తర్వాత క్లాసులో వంతుల పాఠం వచ్చినప్పుడల్లా నా గొంతు నాకే నచ్చకుండా పోయింది. ఒక ఏడు ఆ పాఠం వేరేవాళ్ళకు అప్పగించాను.

పోయిన చలికాలంలో ఎమ్మిగనూరు మీదుగా కోసిగి బస్సెక్కాను. ఆమె అక్కడ ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోందని తెలుసు. నన్ను గేటు దగ్గర చూసి, చాక్‌పీసు చేతిలో ఉండగానే బయటికి వచ్చింది. మధ్యాహ్నం విరామంలో ఇంటికి పిలుచుకుపోయింది. ఇంట్లో తను ఒక్కతే ఉంది. తల్లీ తండ్రీ పత్తి తీయడానికి పోయి అప్పటికి నెల అయిందట. వద్దన్నా వినకుండా బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి పెట్టింది.

రెండు ముద్దలు తిన్నాక నేను చెప్పడం మొదలుపెట్టాను. "ఆ రోజు హాల్లో నేను నోరు తెరవాల్సింది పాపా. ఆ లైను తీయమన్నది నేను."

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఇది చెప్పేకా మేడమ్ ఇంత దూరం వచ్చినారు? అందరి ముందర ఎవరన్నా ఎట్ల చెప్తారు. నాదేనని నేనే గదా ఒప్పుకున్నా. అది మీరేం మనసులో పెట్టుకోవద్దండి. తినండి."

నాకు ఎంత తేలికైందంటే, ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అక్కడితో లేచి బస్సెక్కి ఉంటే బాగుండేదేమో, ఇప్పటికీ తెలియదు. ఆమె నీళ్ళ చెంబు నా ముందు పెడుతూ, బాధ ఏమీ లేకుండానే అంది. "ఆ సారు మంచోడే మేడమ్. పని నచ్చింటే, ఒక తప్పు ఉన్నా తీసుకునేటోడే. ఆయప్ప చూసినాడు, ఈ పాపకు శాతకాదని తెలుసుకున్నాడు. నేను గూడా అట్లే అనుకోని సర్దుకున్నా. ఇప్పుడు ఈడ బాగానే ఉండా."

ఆ మాట విన్నాక నేను నోరు మూసుకుని ఉండలేకపోయాను. అది ఆమె కోసమా, నా కోసమా అన్నది నన్ను అడగవద్దు.

"ఆయన అలా అనుకోలేదు" అన్నాను. "టీ తాగేటప్పుడు నీ పాత ఫైలు అడిగాడు. నువ్వు అలా చేసే మనిషివి కాదనిపిస్తోందన్నాడు. నేను లేదన్నాను. మొదటి నుంచీ ఇదే అన్నాను."

ఆమె చేయి పళ్ళెంలోనే ఆగిపోయింది.

"ఫైల్లోనే ఉండె గదా మేడమ్ ఆ లైను. నేను తీసేయలేదు. ముందర రెండు గీతలు పెట్టినా, అంతే."

"తెలుసు. ఆ పొద్దున్నే చూశాను."

"చూసినారా?"

"చూశాను."

కోప్పడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె మాత్రం, మర్చిపోయిన లెక్కను మళ్ళీ మొదటి నుంచి చేసుకుంటున్నట్టు నేల వైపు చూస్తూ కూర్చుంది.

"అయితే నాకు శాతనయితాండె" అంది చివరికి, మెల్లగా, నాతో కాదు.

"అయ్యేది. నాకంటే బాగా" అన్నాను.

"నాలుగేళ్ళు శాతకాదని సర్దుకోని బతికినా మేడమ్" అంది. "మాయమ్మకు గూడా అదే చెప్పినా. ఇంగ రేపట్నుంచి ఏమని సర్దుకోవాల?"

నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చినదాన్ని, క్షమించమని అడగడానికి కూడా నోరు రాలేదు. ఆమె కాసేపు నా ముఖంలోకి చూసి, రెండు పళ్ళేలూ తీసుకుని లేచింది. బడికి టైమయిందని చెప్పి చేతులు కడుక్కుంది, తాళం చెవి తీసుకుని నేను బయటికి వచ్చేదాకా తలుపు దగ్గర నిలబడింది.